భోజనాల లెక్కతో పాటే బాత్రూముల లెక్క

పెళ్ళి నిశ్చయమైన ఇంట్లో లెక్కలకు కొదవ ఉండదు. బంతికి ఎన్ని విస్తళ్ళు, మనిషికి ఎంత బియ్యం, మగపెళ్ళివారి విడిదిలో ఎన్ని మంచాలు, పందిట్లో ఎన్ని ఫ్యాన్లు, అన్నీ కాగితం మీదికి ఎక్కుతాయి. "మరి వచ్చినవాళ్ళకు బాత్రూములు?" అని ఎవరైనా అడిగితే మాత్రం "ఆ, సర్దుకుంటార్లే" అనే జవాబు వస్తుంది. సర్దుకోవడమంటే ఏమిటో చూడండి. మగవాళ్ళు చెరువు గట్టు దాకా నడుస్తారు. ఆడవాళ్ళు పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగడం మానేస్తారు. షుగరున్న పెద్దాయన ముహూర్తం దాకా ఆగలేక, కట్నం చదివించేసి మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోతాడు.

పప్పులో ఉప్పు తగ్గితే మొహం మీదే చెప్పే చుట్టాలు ఈ ఇబ్బందిని పైకి చెప్పరు. వాళ్ళు చెప్పరు, మనం అడగం. కాబట్టి ఏర్పాట్లు భుజాన వేసుకున్న మనిషి మొదట చేయాల్సిన పని సిగ్గు పక్కన పెట్టడం. మలం, మూత్రం, ట్యాంకు, కంపు అనే మాటలు మామూలు గొంతుతో మాట్లాడగలిగితే సగం పని అయినట్టే.

మిగతా సగం ఒక్క విషయం గుర్తుంచుకోవడంలో ఉంది. సప్లయర్ మనకు అద్దెకిచ్చేది ఒక పెట్టె. ఆ పెట్టె బాత్రూంగా పనిచేయాలంటే నీళ్ళు కావాలి, కడిగే మనిషి కావాలి, నిండినది తీసుకుపోయే బండి కావాలి. ఈ మూడూ మాట్లాడుకోకుండా పెట్టెలు మాత్రం దింపించుకుంటే, సాయంత్రానికి పందిరి పక్కన తలుపులు మూసిన కంపు మిగులుతుంది.

అసలు అద్దె అవసరమా?

పెళ్ళి మీ ఇంటి దగ్గరే అయితే ముందు ఉన్నవాటిని లెక్కపెట్టండి. మీ ఇంట్లో ఒకటి, అన్నదమ్ముల ఇళ్ళలో రెండు, విడిదిగా తీసుకున్న బడిలో నాలుగు ఉండవచ్చు. బడిలోవి తాళాలు వేసి ఉంటాయి, కుళాయి రాదు, గడియ ఊడి ఉంటుంది. వారం ముందు ఒక ప్లంబరును, ఒక కూలీని పంపి బాగు చేయిస్తే రెండు కేబిన్ల అద్దె మిగలవచ్చు.

ఇంట్లో మరుగుదొడ్డే లేకపోతే మూడు రోజుల అద్దె మీద డబ్బు పోయడం కంటే శాశ్వతంగా కట్టించుకోవడం మేలు. స్వచ్ఛభారత్ మిషన్ గ్రామీణ్ కింద అర్హత ఉన్న కుటుంబానికి 12,000 రూపాయల ప్రోత్సాహకం ఉంది. పంచాయతీ కార్యదర్శిని అడిగితే మీకు వర్తిస్తుందో లేదో చెబుతారు. పెళ్ళి పేరు చెప్పి కట్టింది పెళ్ళి తర్వాత కూడా ఇంటికి పనికొస్తుంది.

ఇవన్నీ చూసుకున్నాక కూడా చాలకపోతేనే అద్దె మాట ఎత్తండి.

మార్కెట్లో ఏం దొరుకుతాయి?

ఎక్కువగా కనిపించేది ఫైబర్ కేబిన్. లోపల నాలుగడుగుల చదరం, ఏడడుగుల పైచిలుకు ఎత్తు, కింద ట్యాంకు. ఇండియన్ సీటు, వెస్టర్న్ కమోడు రెండు రకాలూ ఉంటాయి. రెండోది ట్రాలీ మీద వరసగా సీట్లు బిగించిన మొబైల్ టాయిలెట్. దాన్ని లారీకో ట్రాక్టరుకో తగిలించి లాక్కొస్తారు. కొన్ని మున్సిపాలిటీల దగ్గర కూడా ఇవి ఉంటాయి, అడిగి చూడండి. మూడోది గొయ్యి తవ్వి, పైన సీటు పెట్టి, చుట్టూ రేకులు కట్టే తాత్కాలిక దొడ్డి. చూపుకు ఆనకపోయినా, ఎక్కువ రోజులకు నమ్మదగింది ఇదే.

"మావి బయో టాయిలెట్లండీ, ఖాళీ చేయక్కర్లేదు" అనే మాట విని మోసపోకండి. బయోడైజెస్టర్ మంచి పరిజ్ఞానమే. సియాచిన్ లాంటి మంచు ప్రాంతాల్లో సైనికుల కోసం డీఆర్‌డీఓ దాన్ని తయారు చేసింది, మన రైళ్ళలోకి వచ్చిందీ ఆ దారిలోనే. కానీ అందులో పని చేసేది బ్యాక్టీరియా. మలాన్ని కరిగించడానికి దానికి రోజులు పడతాయి. నిన్న దిగి రేపు వెళ్ళిపోయే కేబిన్‌లో అంత గడువు ఉండదు కాబట్టి, ఒక్క రోజు పెళ్ళి వరకు దాన్ని మామూలు ట్యాంకుగానే లెక్కవేయండి. ఎక్కువ రోజులు ఉంచే చోట నిజమైన బయో టాయిలెట్ పెడితే అందులో ఫినాయిలు, యాసిడ్ పోయనివ్వకండి. బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ఎన్ని కావాలి?

"వంద మందికి ఒకటి" అని సప్లయర్ చెప్పే లెక్క మీద ఆధారపడకండి. విదేశీ పట్టికలైతే అసలు పనికిరావు. అవి కాగితంతో తుడుచుకునేవాళ్ళ కోసం వేసిన లెక్కలు. మనం నీళ్ళు వాడతాం, ఆ నీళ్ళన్నీ ట్యాంకులోకే పోతాయి. కాబట్టి రెండు లెక్కలు వేయాలి: ఒకటి క్యూది, రెండోది ట్యాంకుది.

ఉదాహరణకు 400 మంది వచ్చే పెళ్ళి అనుకుందాం. వాళ్ళలో 60 మంది ముందురోజు రాత్రి వచ్చి విడిదిలో పడుకుంటారు. అసలు పరీక్ష వాళ్ళు లేచే వేళకు మొదలవుతుంది. తెల్లవారి 5 నుంచి 7 లోపు అందరూ వెళ్ళాలి. మనిషికి 8 నిమిషాలు వేసుకుంటే, రెండు గంటల్లో ఒక్కో కేబిన్‌కు 15 మంది. 60 మందికి 4 కేబిన్లు. క్యూ లెక్క ఇది.

ఇక ట్యాంకు. విరేచనానికి, కడుక్కోవడానికి, పోయడానికి కలిపి మనిషికి 6 లీటర్లు, మూత్రానికి 3 లీటర్లు వేసుకోండి. విడిదిలోని 60 మందికి పొద్దున 360 లీటర్లు. ఆ రోజు మరో రెండుసార్లు మూత్రానికి వెళితే ఇంకో 360. మిగతా 340 మందిలో సగం మంది ఒక్కసారి వెళ్ళినా 510. మొత్తం 1,230 లీటర్లు. కేబిన్ ట్యాంకు 250 లీటర్లదైతే నాలుగింటికీ కలిపి 1,000 లీటర్లే పడతాయి. అంటే తలంబ్రాల వేళకు ట్యాంకులు పొంగుతాయి.

ఐదు పెట్టినా 1,250 లీటర్లే, అంచుకు నిండుతాయి. అందుకని మగవాళ్ళ మూత్రానికి వేరే ఏర్పాటు చేయండి. నాలుగు రేకులు, ఒక పైపు, చివర కంకర నింపిన ఇంకుడు గుంత చాలు. దీనితో సుమారు 435 లీటర్ల భారం తగ్గుతుంది. అప్పుడు ఐదింటిలో మూడు ఆడవాళ్ళకు, రెండు మగవాళ్ళకు ఇవ్వండి. ఆడవాళ్ళ మూడింటిలో చేరేది దాదాపు 615 లీటర్లు, పట్టేది 750. మగవాళ్ళవి సగం కూడా నిండవు. ఆడవాళ్ళకు ఎక్కువ కేటాయించడం మర్యాద కోసమే కాదు, లెక్క ప్రకారం కూడా అంతే కావాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం స్నానం. తలుపు, గడియ, బకెట్ ఉన్న గది కనబడగానే విడిదివాళ్ళు తువ్వాలు భుజాన వేసుకుని వస్తారు. మనిషికి 20 లీటర్ల చొప్పున పదమూడు మంది స్నానం చేస్తే 250 లీటర్ల ట్యాంకు నిండిపోతుంది. స్నానాలకు తడికలు కట్టి వేరే చోటు చూపించండి, ఆ నీళ్ళు కొబ్బరిచెట్ల మొదళ్ళకు పారేలా చూడండి. కేబిన్లలో బకెట్ బదులు చిన్న కుళాయి, చెయ్యి పట్టేంత మగ్గు ఉంచండి.

బేరం ఎక్కడ ఆగాలి?

పెళ్ళికూతురి తండ్రికీ సప్లయర్‌కీ మధ్య మాట సాధారణంగా ఇలా సాగుతుంది.

"ఇందులోది ఎక్కడికి పోతుంది బాబూ?"

"కింద ట్యాంకుందండీ బాబాయ్ గారూ."

"నిండితే?"

"నిండదండీ. ఇంతకంటే పెద్ద పెళ్ళిళ్ళకే ఇచ్చాం."

"అయ్యాక ఎక్కడ ఖాళీ చేస్తారు?"

"అదంతా మావాళ్ళు చూసుకుంటారండీ, మీకెందుకా గోల!"

బేరం ఆపాల్సింది సరిగ్గా ఈ మాట దగ్గరే. 'మావాళ్ళు చూసుకుంటారు' అంటే చీకటి పడ్డాక పంట కాలువలోనో, ఊరి బయటి వాగులోనో వదిలేస్తారని అర్థం కావచ్చు. ఆ కాలువ నీళ్ళు కింది ఊరి పశువులు తాగుతాయి. వరంగల్, నర్సాపురం లాంటి చోట్ల మలవ్యర్థాల శుద్ధి కేంద్రాలున్నాయి. మీ దగ్గరి పట్టణంలో ఉందేమో మున్సిపల్ ఆఫీసులో అడగండి. ఉంటే బండి అక్కడికే వెళ్ళాలని షరతు పెట్టండి.

ధర అడిగే ముందు ఈ ఆరు ప్రశ్నలు వేయండి:

1. ఒక్కో ట్యాంకు ఎన్ని లీటర్లు?
2. మధ్యలో ఖాళీ చేయడానికి సెప్టిక్ ట్యాంకు లారీ వస్తుందా? ఎన్నిసార్లు? దాని పైపు ఎన్ని అడుగుల పొడవు?
3. ఖాళీ చేసింది ఏ ఊళ్ళో, ఏ కేంద్రంలో పోస్తారు?
4. కడిగే మనిషి మీవాడా, మమ్మల్నే చూసుకోమంటారా?
5. నీళ్ళు పైన ట్యాంకులో నింపి ఇస్తారా, మేం మోటారు పెట్టుకోవాలా?
6. రవాణా, దింపుడు కూలి, జీఎస్టీ ఇందులో కలిసే ఉన్నాయా?

ఈ ఆరింటికీ జవాబు చెప్పినవాడి ధర కాస్త ఎక్కువైనా అతన్నే పిలవండి. ముహూర్తాలు దట్టంగా ఉండే మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లో కేబిన్లు దొరకడం కష్టం. లగ్నపత్రిక రాయించుకున్న వారంలోనే అడ్వాన్సు ఇచ్చేయండి.

ఎక్కడ పెట్టాలి?

గాడిపొయ్యికి, మంచినీళ్ళ డ్రమ్ములకు దూరంగా, గాలి పందిరి వైపు నుంచి కేబిన్ల వైపు వీచేలా పెట్టాలి. ముందు రెండు మూడు రోజులు సాయంత్రంపూట గాలి ఎటు వీస్తోందో గమనించండి. కోస్తాలో మధ్యాహ్నం పడమటి గాలి, సాయంత్రం సముద్రం మీది గాలి వీచే రోజులుంటాయి. రెండూ లెక్కలోకి తీసుకోండి.

మరీ దూరమైతే ముసలివాళ్ళు నడవలేరు. దారి పొడవునా లైట్లు వేయండి, లోపల ఒక బల్బు ఉండాలి. తలుపులు పందిరి వైపు తెరుచుకోకూడదు. పట్టుచీర కట్టుకున్న మనిషి నాలుగు వందల మంది చూస్తుండగా అందులోంచి దిగడానికి ఇష్టపడదు. ముందు ఒక గుడ్డ తెర కడితే సరిపోతుంది.

వైశాఖం, జ్యేష్ఠం ఎండల్లో ఫైబర్ కేబిన్ లోపల నిలబడలేం. చెట్టు నీడన పెట్టండి, లేదా పైన షామియానా వేయించండి. నేల నల్లరేగడి అయితే ఒక్క వాన చాలు, లారీ చక్రాలు దిగబడతాయి. కేబిన్ల కింద చెక్కలు, బండి దారిలో కంకర పోయించండి. లారీ పైపు అందే దూరంలోనే కేబిన్లు ఉండాలి.

కనీసం ఒకటి వెస్టర్న్ కమోడుది ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యలు, మావయ్యలు ప్రతి పెళ్ళిలోనూ ఉంటారు. దాని మెట్టు దగ్గర పట్టుకోవడానికి ఒక కర్ర పాతించండి.

దిగిన వెంటనే చేయాల్సిన పరీక్ష

కేబిన్లు ముందురోజు మధ్యాహ్నానికే దిగాలి. సప్లయర్ మనుషులు అక్కడ ఉండగానే ఒక్కో దానిలోకి వెళ్ళి గడియ వేయండి. బయటి నుంచి ఒకరిని లాగమనండి. ఊడి వస్తే అప్పుడే మేకు కొట్టించండి. తర్వాత ఒక బకెట్ నీళ్ళు సీటులో పోసి, బయటికొచ్చి, వంగి, ట్యాంకు కింద నేలను చూడండి. మట్టి తడిస్తే ట్యాంకు కారుతున్నట్టు. వెనక ఖాళీ చేసే వాల్వు మూత బిగించి ఉందో లేదో చేత్తో తిప్పి చూడండి. గాలి గొట్టం పైకప్పు దాటి ఉండాలి.

ఇంకా చూడాల్సినవి: చీర కొంగు, హ్యాండ్ బ్యాగు తగిలించుకోవడానికి కొక్కెం, ప్యాడ్లు వేయడానికి మూతున్న డబ్బా, మగ్గు, బయట చేతులు కడుక్కోవడానికి కుళాయి, సబ్బు. సబ్బు లేని చోటి నుంచి మనిషి నేరుగా బంతిలోకి వెళతాడని మరిచిపోకండి.

కడిగే మనిషి

ఈ ఏర్పాటంతా నిలబడేది కడిగే మనిషి మీద. ఐదు కేబిన్లకు ఒక మగమనిషి, ఒక ఆడమనిషి ఉంటే మంచిది. ప్రతి పది మంది వెళ్ళొచ్చాక ఒకసారి నీళ్ళు కొట్టి, నేల తుడవాలి. వాళ్ళకు మోచేతుల దాకా గ్లౌజులు, గమ్ బూట్లు, పొడుగు పిడి బ్రష్షు ఇవ్వండి. అవి సప్లయర్ తేవాలి, తేకపోతే మీరు కొనండి. వాళ్ళకు బంతిలో భోజనం పెట్టండి. అందరూ తిన్నాక మిగిలింది పొట్లం కట్టి పంపడం మన ఇంటికి మర్యాద కాదు. కూలి కూడా ఆ సాయంత్రమే చేతిలో పెట్టండి.

ట్యాంకును మనుషుల చేత ఖాళీ చేయించే మాట మాత్రం రాకూడదు. సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనుషుల్ని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. దింపించినవారికి మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. అలా దిగినవారు చనిపోతే పరిహారం 30 లక్షలకు తగ్గకూడదని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కోలార్ బంగారు గనుల ఊళ్ళో పుట్టిన బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా పోరాడుతున్నది దీని మీదే, 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చిందీ ఇందుకే. ఇంట్లో శుభకార్యం జరుపుకుంటూ ఇంకో ఇంటి మనిషిని విషవాయువులోకి దింపకూడదు. లారీ రాకపోతే కేబిన్‌కు తాళం వేయండి.

కట్టుబడి సైటు సంగతి వేరు

పెళ్ళి రెండు రోజుల్లో అయిపోతుంది. ఇల్లు కట్టడం నెలల తరబడి సాగుతుంది. కూలీలకు మరుగుదొడ్డి ఇవ్వడం కట్టించేవారి బాధ్యతని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్ కూడా ఆడవాళ్ళకు, మగవాళ్ళకు, ట్రాన్స్‌జెండర్లకు వేర్వేరుగా ఉండాలంటోంది. 1971 నాటి కాంట్రాక్టు కార్మికుల కేంద్ర నిబంధనల్లో కొలత 25 మందికి ఒకటిగా ఉండేది. పెద్ద బిల్డర్లకు ఇదంతా తెలుసు. ఊళ్ళో సొంతిల్లు కట్టుకునేవారికి చట్టం ఎంత వర్తిస్తుందన్న వాదన కంటే, మేస్త్రీతో వచ్చిన ఆడకూలీలు పొద్దంతా ఎక్కడికి వెళుతున్నారన్నది ముఖ్యం.

30 మంది పనిచేసే సైటు తీసుకోండి. మగవాళ్ళు 20, ఆడవాళ్ళు 10. మగమనిషికి రోజుకు 12 లీటర్లు వేస్తే 20 మందికి 240 లీటర్లు. 250 లీటర్ల కేబిన్ ఒక్క రోజులో నిండుతుంది. "నెల అద్దె, వారానికోసారి క్లీనింగ్" అన్న ప్యాకేజీ ఇక్కడ నిలవదు. మూడో రోజు నుంచి కూలీలు మళ్ళీ తుప్పల్లోకే వెళతారు, కేబిన్ సిమెంటు బస్తాలు దాచే గదిగా మారుతుంది.

సైటుకు సరైన పద్ధతి ఇది. ఇంటి ప్లానులో సెప్టిక్ ట్యాంకు ఎలాగూ ఉంటుంది. పునాదులతో పాటే దాన్ని ముందు కట్టించి, స్లాబు వేయించి, పక్కన రేకుల గది పెట్టి కలపండి. అది కుదరకపోతే నాలుగైదు సిమెంటు వరలు దింపి పైన సీటు పెట్టండి. బోరుకు, బావికి కనీసం 10 మీటర్ల దూరం ఉంచండి. పునాది గోడలకు ఆనుకుని తవ్వకండి. నిండితే మూత వేసి పక్కన ఇంకో గుంత తవ్వుకోవచ్చు. ఆడవాళ్ళ గదికి లోపలి గడియ, మూతున్న డబ్బా తప్పనిసరి. సైటులోనే గుడిసెలు వేసుకుని ఉండే పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా కుటుంబాలుంటే పిల్లలు కాలు పెట్టడానికి సీటు మీద అడ్డుపలక చేయించండి. లోతు చూసి పిల్లలు భయపడతారు.

జాతరలు, సభలు

వేల మంది వచ్చే చోట ఒక్కరి చేతిలో అయ్యే పని కాదు. మేడారం లాంటి జాతరల్లో, పుష్కరాల్లో ప్రభుత్వ శాఖలే చూసుకుంటాయి. 2019 ప్రయాగ కుంభమేళాలో 1 లక్ష 20 వేలకు పైగా మరుగుదొడ్లు పెట్టారు. అక్కడ కూడా పెట్టడం ఒక్కసారి పని, కడగడం, ఖాళీ చేయడం రోజూ పని. ఊరి జాతర కమిటీ దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఇదే. నలభై పెట్టి వదిలేయడం కంటే ఇరవై పెట్టి, ఐదింటికొక మనిషిని నియమించి, రాత్రికోసారి లారీ తిప్పడం మేలు. కమిటీలో ఒకరికి ఈ పని ఒక్కటే అప్పగించండి. ఆ మనిషి ఫోన్ నంబరు ప్రతి తలుపు మీదా పెద్ద అక్షరాలతో అతికించండి. పట్టణాల్లో మురుగు, సెప్టిక్ ట్యాంకు ఫిర్యాదులకు 14420 అనే నంబరుంది.

కాగితం మీద రాసుకోండి

నోటిమాట మీద వదలకండి. వాట్సాప్‌లో అయినా సరే, ఇంత రాసి ఇద్దరూ ఒప్పుకోవాలి:

"ఫలానా తేదీ మధ్యాహ్నం 2 గంటల లోపు 5 కేబిన్లు (4 ఇండియన్, 1 వెస్టర్న్) దింపాలి. ఒక్కో ట్యాంకు 250 లీటర్లు. కడగడానికి ఇద్దరు మనుషులు, గ్లౌజులు, బూట్లు సప్లయర్‌వి. పెళ్ళిరోజు ఉదయం 9 గంటలకు లారీ ఒకసారి వచ్చి ఖాళీ చేయాలి. ఖాళీ చేసింది ఫలానా శుద్ధి కేంద్రంలోనే పోయాలి, రసీదు చూపాలి. కారినా, పొంగినా రెండు గంటల్లో మనిషి రావాలి. రవాణా, పన్ను అన్నీ కలిపి ఇంత మొత్తం. సగం అడ్వాన్సు, మిగతా సగం రసీదు చూపాక."

చివరి వాక్యమే అన్నిటికంటే ముఖ్యం. మిగతా సగం మీ చేతిలో ఉన్నంత వరకే లారీ సరైన దారిలో వెళుతుంది.

ఈ నెలలో మీ ఇంట్లోనో, మీ వీధిలోనో శుభకార్యం ఉంటే, పందిరివాడితో మాట్లాడే రోజే సప్లయర్‌కూ ఫోన్ చేయండి. ఎంత అని అడిగే ముందు, ఎక్కడ పారబోస్తారని అడగండి.